అతిసారము: ఉప్పు, చక్కెర, నీరు

తెలంగాణములో కలరాను గత్తర అందురు. ఆ వ్యాధిని కన్నులార చూచినవారు నేడు అరుదు. మాట మాత్రము నిలిచి, తిట్టుగాను శాపనార్థముగాను నేటికిని నాలుకలపై ఆడుచున్నది. ఒకప్పుడు ఊరిలో గత్తర తగిలినదనగానే జనులు ఇండ్లు విడిచి పోయెడివారు. ఉదయము నాగలి పట్టిన మనిషి సాయంత్రమునకు కన్నులు గుంటలు పడి, గొంతు పోయి, వ్రేళ్లు ముడుతలు తేలి కన్ను మూసెడివాడు. దేహముపై గాయము లేదు, ఒంటిలో జ్వరమైనను లేదు. ఇంత వేగముగా ప్రాణము తీయునది ఏమి?

ఈ ప్రశ్న పాతదే కాని, నిర్మల్ జిల్లాలోని భైంసా వంటి ఊళ్లకు ప్రతి వానకాలమును ఏదో యొక రూపమున ఎదురగుచునే యున్నది. భైంసా పత్తి పండు సీమ. మహారాష్ట్ర పొలిమేరకు దగ్గర గనుక తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వీధిలో వినబడును. సుద్దవాగు ఊరి ప్రక్కనే పారును. దానిపైననే గడ్డెన్నవాగు ప్రాజెక్టు నిర్మించిరి. నల్లరేగడిలో వాననీరు త్వరగా ఇంకదు. పల్లమున్నచోట మురుగుతో కలిసి నిలుచును. 2021 జూలై నెలలో నిర్మల్ జిల్లాను వరదలు ముంచెత్తినప్పుడు భైంసాలోను పల్లపు వాడలు నీట మునిగినవి. ఇట్టి వేళ మంచినీటి గొట్టమునకు ఎక్కడ చిన్న బెజ్జమున్నను మురుగు అందులోనికి చేరును; చేదబావులకు, చేతిపంపులకు చెప్పనే అక్కరలేదు. నేడు పిల్లలకు పట్టు విరేచనములలో కలరా స్వల్పభాగమే. తక్కినవి వేరు వేరు సూక్ష్మజీవుల పనులు. అయినను ప్రాణము మీదికి తెచ్చు మార్గము అన్నిటికిని ఇంచుమించు ఒక్కటే: ఒంటిలోని నీరు, ఉప్పు కారిపోవుట.

మన ప్రేవులు చేయు పనిని ఒకింత చూతము. మనము త్రాగు నీరు, ఆహారములోని తడి కలిసి దినమునకు రమారమి 2 లీటర్లు. దీనికి లాలాజలము, జఠరరసము, పైత్యరసము, ప్రేవులలో ఊరు రసములు చేరి మరి 7 లీటర్లగును. ఈ 9 లీటర్లను ప్రేవులు తిరిగి పీల్చుకొని, 100 లేక 200 మిల్లీలీటర్లు మాత్రమే బయటికి విడుచును. పీల్చుట, ఊరుట అను రెండు పనుల నడుమ తూకము చెడినచో వచ్చునదే అతిసారము. తీవ్రమైన కలరాలో పెద్దవాని దేహమునుండి గంటకు 1 లీటరు వరకు నీరు పోవచ్చును. మరణము అంత వేగముగా ఎందులకు వచ్చునో ఈ లెక్కయే చెప్పుచున్నది.

జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాక్ 1884లో కలకత్తాలో పరిశోధించి, కలరాకు కారణము కామా ఆకారముగల సూక్ష్మజీవియని స్థిరపరచెను; అది ఏదో విషమును పుట్టించుచుండవలెనని ఊహించెను. ఆ విషమును ఋజువు చేయుటకు 75 ఏండ్లు పట్టినది. 1959లో కలకత్తా నగరముననే డాక్టరు శంభునాథ్ డే, సూక్ష్మజీవులను పూర్తిగా వడకట్టి తీసివేసిన ద్రవమును కుందేలు ప్రేవులో ఉంచి, ఆ ప్రేవు నీటితో ఉబ్బిపోవుటను చూపెను. అనగా సూక్ష్మజీవి లేకున్నను దాని విషము చాలును. ఆ విషము ప్రేవు గోడలోని కణములను చంపదు, చీల్చదు. నీటిని బయటికి వదలు మీటను ఎత్తినది ఎత్తినట్లే బిగించివేయును. విప్పిన నల్లా కట్టుపడనట్లు నీరు కారుచునే యుండును. ఇంతటి పని చేసిన డే గారికి ఆయన జీవితకాలమున తగిన గౌరవము దక్కలేదు. ఆ సంగతి తలచినప్పుడు మనసు కలుక్కుమనును.

కణములు చావవనుటలోనే చికిత్సకు దారి యున్నది. 1960లో ప్రాగ్ నగరమున జరిగిన సభలో రాబర్టు క్రేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ప్రేవు గోడలో చక్కెరయు ఉప్పును జంటగా లోనికి పోవు ద్వారమొకటి కలదని ప్రతిపాదించెను. ఈ గ్లూకోజు లేకున్న ఆ దారిన ఉప్పు పోదు; రెండును కలిసి వచ్చినప్పుడు తలుపు తెరచుకొనును, వాటి వెంట నీరు పోవును. కలరా విషము ఈ తలుపును తాకదు. కారు దారి కారుచునే యున్నను, పీల్చు దారి చెడకయే యుండునన్న మాట. వట్టి నీరు త్రాగించిన ఏల నిలువదో, వట్టి ఉప్పునీరు ఏల పనిచేయదో దీనివలన తేటపడినది. 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను వైద్యులు ఢాకాలో కలరా రోగులకు ఈ ద్రవమును త్రాగించి, నరములోనికి ఎక్కించు సెలైన్ అవసరము చాలవరకు తగ్గునని చూపిరి.

అయినను పెద్ద వైద్యులు పలువురు నమ్మలేదు. నమ్మించినది 1971 సంవత్సరము. బంగ్లాదేశ్ యుద్ధమునాడు లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పడమటి బెంగాలులోని బన్‌గావ్ ప్రాంతమునకు చేరగా, శిబిరములలో కలరా చెలరేగినది. పడకలు చాలక రోగులు నేలమీదనే పడియుండిరి; సెలైన్ సీసాలు తరిగిపోవుచుండెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి పొట్లములు కట్టించి, పీపాలలో నీట కలిపించి, రోగుల తల్లులకు, అన్నదమ్ములకు లోటాలు ఇచ్చి, పట్టుడని చెప్పెను. నర్సులు లేరు గనుక ఇంటివారే నర్సులైరి. నూటికి 30 వరకు ఉన్న మరణములు 3.6కు దిగినవి. 1978లో లాన్సెట్ పత్రిక ఈ ఉప్పు–చక్కెర సూత్రమును ఆ శతాబ్దపు వైద్యములోనే అతి ముఖ్యమైన ముందడుగు కాదగినదని ప్రశంసించినది.

ఆ పొట్లమే నేటి ఓఆర్ఎస్. 2002 తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మరికొంత పలుచన చేసినది. ఇప్పటి లెక్క ప్రకారము 1 లీటరు ద్రవములో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. ప్రభుత్వ ఆస్పత్రులలోను, ఆశా కార్యకర్తల వద్దను ఇది ఉచితముగనే దొరకును.

ఇంత సులువైనది ఇంటింట వాడుకలో ఉండవలసినది కదా? 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశములో విరేచనములు పట్టిన అయిదేండ్లలోపు పిల్లలలో ఓఆర్ఎస్ అందినది నూటికి 60.6 మందికే; దానితో పాటు ఇయ్యవలసిన జింకు అందినది 30.5 మందికే. నా అభిప్రాయములో ఇందుకు పేదరికముకంటె అపనమ్మకము పెద్ద కారణము. సూది పడిననే వైద్యము, సీసా వ్రేలాడిననే చికిత్స అని మనవారి తలంపు. పొడి కలిపిన నీరు మందువలె కనబడదు. వెంటనే విరేచనములు ఆగవు కూడ. అది ఆపుటకు కాదు, పోయిన నీటిని నింపుటకు. ఈ భేదము తెలియక ఒక పూట పట్టి, గుణము లేదని మానివేయుదురు.

ఈ అపనమ్మకమునకు తోడు ఒక మోసమును చేరినది. పండ్లరసపు పానీయములు కొన్ని తమ పెట్టెలపై ఓఆర్ఎస్ అను అక్షరములను అచ్చువేసి మందుల దుకాణములలోనే అమ్ముడుపోయినవి. వాటిలో చక్కెర అసలు లెక్కకు ఎన్నో రెట్లు. చక్కెర మితిమీరినచో ప్రేవులలోనికి ఒంటి నీటినే లాగి విరేచనములను పెంచును. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయముపై సుమారు ఎనిమిదేండ్లు పోరాడి, హైకోర్టు మెట్లును ఎక్కిరి. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఇట్టి పానీయముల పేర్లలో ఆ అక్షరములు ఉండరాదని ఆదేశించినది. అయినను కొనునప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారమని పొట్లముపై వ్రాసియున్నదో లేదో చూచుట మంచిది.

పిల్లల విరేచనములలో మిక్కిలి తీవ్రమైనవానికి ప్రధాన కారణము రోటా వైరస్. 1973లో మెల్‌బోర్నులో రూత్ బిషప్ బృందము దీనిని కనుగొన్నది. బండిచక్రమువలె కనబడుటచే ఆ పేరు. 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు మహారాజ్ కిషన్ భాన్ ప్రభృతులు, కొందరు నవజాత శిశువులలో ఈ వైరస్ ఉన్నను జబ్బు లేకుండుట గమనించిరి. ఆ సాధు జాతినుండియే హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను టీకాను తయారుచేసినది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితములు 2014లో వెలువడినవి: తొలి యేట రోటా వైరస్ వలని తీవ్ర విరేచనములు సగమునకు పైగా తగ్గినవి. రోటా టీకాను 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రములలో ఉచితముగ మొదలిడి, 2019లో దేశమంతటికిని విస్తరించిరి. 6, 10, 14 వారముల వయస్సున దీనిని నోటివెంట ఇత్తురు. సగమునకు పైగా అనినచో మిగిలిన భాగమును ఉన్నదన్న మాట. కావున టీకా వేయించిన ఇంటను పొట్లము ఉండవలసినదే.

కలుపు విధము: పొట్లము అంతయు ఒకేసారి, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో కలుపవలెను, సగము పొడి అంచనాగా వేయరాదు. 24 గంటలు దాటిన మిగిలినది పారబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుండి 200 వరకు, చెంచాతో కొద్దికొద్దిగ పట్టవలెను. వాంతి అయినచో పది నిమిషములు ఆగి మరల పట్టవచ్చును. పొట్లము దొరకని వేళ 1 లీటరు నీటికి తలగొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలును. ఉప్పు వేసిన బియ్యపు గంజియు మేలే. గంజిలోని పిండి ప్రేవులలో గ్లూకోజుగా మారును గనుక మన ముసలమ్మలు పట్టిన గంజి ఈ శాస్త్రమునకు దూరమైనది కాదు. కాని విరేచనములు పట్టినంత కాలము లంకణము పెట్టు వారి అలవాటు మాత్రము మానవలెను. చనుపాలు ఆపరాదు, అన్నము ఆపరాదు. జింకు మాత్ర ఆరు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నబిడ్డకు 10, విరేచనములు కట్టినను 14 దినముల వరకు ఇయ్యవలెను.

బిడ్డ మత్తుగా పడియుండినను, త్రాగలేకున్నను, కన్నులు లోతునకు పోయినను, పొట్టపై చర్మము పట్టి విడిచిన వెంటనే సర్దుకొనకున్నను, విరేచనములో రక్తము కనబడినను ఇంట జాగుచేయరాదు. అప్పుడు సెలైన్ కావలసినదే, రక్తము పడునప్పుడు తగిన మందును కావలసినదే. భైంసా చుట్టుప్రక్కల పల్లెలనుండి ఆస్పత్రికి త్రోవలో కొంత సమయము పట్టును. బిడ్డ మ్రింగగలిగినంతవరకు ఆ త్రోవ పొడవునను చెంచాతో పట్టుచునే పోవలెను.