బ్యాచ్‌కి అర కిలో పల్లాడియం

500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి తయారవ్వాలంటే 20 మిల్లీగ్రాముల హైడ్రోజన్ కావాలి. పారానైట్రోఫినాల్‌తో మొదలయ్యే దారికి, మధ్యలో వృథా ఏమీ లేదనుకుని వేసిన లెక్క ఇది. ఒక్కో నైట్రో అణువు అమైన్‌గా మారడానికి మూడు హైడ్రోజన్ అణువులు ఖర్చవుతాయి.

ఇప్పుడు టన్ను పారానైట్రోఫినాల్ తీసుకుందాం. చేతికొచ్చే అమైన్, అంటే పారాఅమినోఫినాల్, 785 కిలోలు. 1854లో బేషాంప్ చూపిన పాత పద్ధతిలో, ఇనుప రజనుతో చేస్తే, వెంట 1,250 కిలోల ఐరన్ ఆక్సైడ్ బురద మిగులుతుంది. సరుకు కన్నా చెత్తే ఎక్కువ. హైడ్రోజన్‌తో అయితే 43.5 కిలోల వాయువు చాలు, పక్కన వచ్చేది 259 కిలోల నీళ్లే. కాకపోతే హైడ్రోజన్ అణువుని విడగొట్టే లోహం కావాలి. నికెల్ పొడితో అది సాధ్యమని చూపిన సబాటియేకి 1912లో నోబెల్ వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమకి బాగా పరిచయమైనది బొగ్గుపొడి మీద పరిచిన పల్లాడియం.

ఆ టన్నుకి, 5 శాతం పల్లాడియం ఉన్న పొడి 10 కిలోలు వేశామనుకుందాం. అందులో లోహం 500 గ్రాములు. ఒక్క బ్యాచ్‌లో ఒక్కో పల్లాడియం పరమాణువు వాటాకి 1,530 నైట్రో అణువులు వస్తాయి. అదే పొడిని వడగట్టి పదిసార్లు వాడితే 15,000 దాటుతాయి. బ్యాచ్‌కి పడే లోహం 50 గ్రాములకి దిగుతుంది.

అందుకే పరిశోధన పత్రాల్లో ‘ఐదోసారి కూడా 99 శాతం దిగుబడి’ అని ఘనంగా రాస్తారు. ఆ ఒక్క అంకెని నేను నమ్మను. కొత్త పొడి గంటలో ముగించే పనికి నాలుగు గంటలు ఇస్తే, సగం చురుకు పోయిన పొడి కూడా రెండు గంటల్లో పూర్తిచేసి అదే 99 చూపిస్తుంది. అడగాల్సింది మొదటి అరగంటలో ఎంత మారిందని. 2 నానోమీటర్ల పల్లాడియం రేణువులో సుమారు సగం పరమాణువులు పైకి తేలి ఉంటాయి. రేణువులు కలిసిపోయి 5 నానోమీటర్లకి పెరిగితే పైన ఉండేవి ఐదో వంతుకి కాస్త ఎక్కువ. లోహం ఎక్కడికీ పోలేదు, పనిచేసే చోటు పోయింది. గంధకం జాడ తగిలినా అంతే.

కరిగిపోయే లోహం ఇంకా పెద్ద చిక్కు. బ్యాచ్‌కి 2 శాతం కరిగితే 10 గ్రాములు. పది బ్యాచ్‌ల తర్వాత పొడిలో మిగిలేది 82 శాతం. కరిగినదంతా మందులోకే చేరిందనుకుంటే, రోజుకి 4 గ్రాముల పారాసిటమాల్‌తో 37 మైక్రోగ్రాముల పల్లాడియం ఒంట్లోకి వెళ్తుంది. నోటి ద్వారా తీసుకునే మందులకి, మందుల ప్రమాణాలు కుదిర్చే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ పెట్టిన హద్దు రోజుకి 100 మైక్రోగ్రాములు. కరిగేది 10 శాతమైతే లెక్క 184కి చేరుతుంది. శుద్ధి చేసేటప్పుడు చాలావరకు పోతుంది, నిజమే. అయినా వడగట్టిన ద్రవంలో లోహం ఎంతుందో కొలవకుండా మళ్లీ వాడొచ్చని చెప్పడం సరికాదు. చర్య సగంలో ఉండగా వేడివేడిగానే వడగట్టి చూడాలి. చల్లారనిస్తే కరిగిన లోహం తిరిగి బొగ్గు మీదికి చేరి దొరక్కుండా పోవచ్చు. పొడి తీసేశాక కూడా ద్రవంలో చర్య సాగుతుంటే, పని చేస్తున్నది కరిగిన లోహమే.

వడగట్టే దగ్గర నిలబడే కార్మికుడికి ఈ అంకెలన్నిటికన్నా ముఖ్యమైనది తడి. హైడ్రోజన్ పీల్చుకున్న పొడి ముద్ద, ద్రావణిగా వాడిన మిథనాల్ చెమ్మతో ఆరుతూ గాలి తగిలితే భగ్గున అంటుకుంటుంది. ముద్దని ఆరనివ్వకూడదు, నైట్రోజన్ కిందే వడగట్టాలి, నీళ్లతో తడిపి ఉంచాలి. కొత్త పొడిని కూడా తరచు సగం నీళ్లతోనే అమ్ముతారు. అలాంటప్పుడు పైన చెప్పిన 10 కిలోల కోసం తూకం వేయాల్సింది 20 కిలోలు.