మిల్లింగ్ మెషిన్‌కు గది

సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ అయిపోయే చోట మద్నూర్ వస్తుంది. అది దాటితే దెగ్లూర్, మహారాష్ట్ర. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి. నల్లరేగడి నేల, పత్తి, జిన్నింగ్ మిల్లులు. బజారులో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ. పత్తి దిగే కాలంలో మిల్లుల చుట్టుపక్కల నుసి గాలిలో తేలుతూనే ఉంటుంది. కిటికీ ఊచల మీద, ఫ్యాను రెక్కల అంచున తెల్లగా పేరుకుంటుంది. ఇలాంటి ఊళ్లో సరదా కొద్దీ ఇంటి వెనక గదిలో చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకునేవాడికి, దాని చుట్టూ మూసిన డబ్బా కట్టుకోవడం తప్పని పని. పైగా ఇంకెక్కడా లేని చిక్కు ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. లోపలి రజను బయటికి పోకూడదు, బయటి దూది నుసి లోపలికి రాకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఎలాగో తర్వాత చూద్దాం.

విచిత్రమేమంటే పత్తి జిన్నింగ్‌కూ మిల్లింగ్‌కూ పాఠ్యపుస్తకాలు ఒకే మనిషి పేరు చెబుతాయి: ఎలి విట్నీ. పత్తి నుంచి గింజ వేరుచేసే యంత్రానికి 1794లో పేటెంట్ తీసుకున్న అమెరికన్. తర్వాత తుపాకుల తయారీలోకి దిగి, 1818 ప్రాంతంలో మొట్టమొదటి మిల్లింగ్ మెషిన్ చేశాడని చాలాకాలం చెప్పుకున్నారు. రెండు చోట్లా ఆ పేరు పూర్తిగా నిలబడలేదు. గింజ తీసే చర్ఖీలు మన దేశంలో అంతకు వందల ఏళ్ల ముందు నుంచీ తిరుగుతున్నాయి. విట్నీది రంపపు పళ్ల పద్ధతి. మన మిల్లుల్లో ఎక్కువగా కనిపించే జంట రోలర్ల యంత్రం 1840లో ఫోన్స్ మెకార్తీ వేసిన దారిలో వచ్చింది, విట్నీ వంశం కాదు. ఇక మిల్లింగ్ మెషిన్ సంగతి: 1960ల్లో చరిత్రకారులు ఆ యంత్రాన్నీ పాత కాగితాలనూ మళ్లీ తిరగేసి, అది విట్నీ చేతిదే అనడానికి ఆధారం చాలదని తేల్చారు. ఆ కాలంలో కనెక్టికట్, మసాచుసెట్స్ తుపాకీ కర్మాగారాల్లో చాలామంది మేస్త్రీలు ఒకేసారి ఆ దిశగా తడుముకుంటున్నారు. అందులో సిమియన్ నార్త్ పేరు గట్టిగా వినిపిస్తుంది.

వాళ్లందరి బాధ ఒక్కటే. ఆకురాయితో రుద్ది రుద్ది ఇనుప ముక్కను చదును చేయడానికి రోజులు పడుతోంది, చేసిన ఏ రెండు ముక్కలూ ఒకేలా రావడం లేదు. దానికి మందు: ముక్కను టేబుల్‌కు బిగించి, పళ్లున్న కట్టర్‌ను తిప్పుతూ, టేబుల్‌ను దాని కిందికి నడపడం. లేత్‌లో ముక్క తిరుగుతుంది, పనిముట్టు తిరగదు. మిల్లింగ్‌లో పనిముట్టే తిరుగుతుంది. 1862లో బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీకి చెందిన జోసెఫ్ బ్రౌన్ తెచ్చిన యూనివర్సల్ మిల్లింగ్ మెషిన్‌తో దీని రూపం స్థిరపడింది. డ్రిల్ బిట్ల మీద మెలి తిరిగిన గాడిని అప్పటిదాకా సన్నటి ఆకురాయితో చేత్తో కోసేవారు. దాన్ని యంత్రం మీద కోయడానికి పుట్టిందది.

ఆ తర్వాత తొంభై ఏళ్లు యంత్రం పెరిగింది, బలిసింది, కానీ చుట్టూ గోడ మాత్రం లేచింది లేదు. కారణం మిల్లింగ్ చేసేవాడి చేతులు. ఎడమ చెయ్యి ఒక హ్యాండిల్ మీద, కుడి చెయ్యి ఇంకో హ్యాండిల్ మీద, మధ్యలో బ్రష్షుతో కూలెంట్ (కోత వేడిని తగ్గించే ద్రవం) రాయాలి, రజను ఊడ్చాలి, చెవితో కట్టర్ చప్పుడు వినాలి. గోడ కడితే ఆ చేతులు ఎక్కడినుంచి పోతాయి? సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ నాటి నుంచి, 1968లో బాలానగర్‌లో వచ్చిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ దాకా, మన దగ్గర పని నేర్చుకున్న తరాలన్నీ ఇలా యంత్రం పక్కనే నిలబడి నేర్చుకున్నవే. వేడి రజను చొక్కా మెడలో పడకుండా గుండీ పెట్టుకోవడం కూడా ఆ చదువులో భాగం.

గోడకు దారి తీసింది హెలికాప్టర్ రెక్క. మిషిగన్‌కు చెందిన జాన్ పార్సన్స్ దాని వంపును లెక్కల్లోని అంకెలతో నేరుగా కోయించాలనుకున్నాడు. అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది, ఎంఐటీ ప్రయోగశాల పని అందుకుంది. 1952లో సిన్సినాటి కంపెనీ మిల్లింగ్ మెషిన్ ఒకటి, చిల్లుల కాగితం టేపు మీది అంకెలు చదువుకుంటూ తనంతట తానే కోసింది. దాన్ని నడిపిన ఎలక్ట్రానిక్స్ బీరువాలో వందల కొద్దీ వాక్యూమ్ ట్యూబులు. ఆ తొలి యంత్రాలూ బయటే నిలబడ్డాయి. కానీ హ్యాండిల్ మీద చెయ్యి అక్కర్లేకపోయాక మనిషి ఒక అడుగు వెనక్కి జరిగాడు. ఆ అడుగులోనే గోడకు చోటు దొరికింది. గోడ వచ్చాక కూలెంట్‌ను ధారగా కొట్టవచ్చు, కట్టర్ వేగం పెంచవచ్చు. ఇవాళ్టి సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ అంకెలతో నడిచే యంత్రాన్ని బయటినుంచి చూస్తే కిటికీ ఉన్న ఇనుప గదే కనబడుతుంది, యంత్రం కనబడదు. ఆ గది వానా ఎండా ఆపడానికి వేసిన కప్పు కాదు, యంత్రంలో సగం అదే అంటాను.

ఇక చిన్న యంత్రం. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్, చవకైన ఆర్డుయినో బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశాడు. ఎంఐటీ బీరువా పని జేబులో పట్టే బోర్డుకు దిగింది. దాంతో చైనా నుంచి విడిభాగాలుగా వచ్చే 3018 లాంటి యంత్రాలు పుట్టాయి. ఆ అంకెలో ఉన్నది దాని పని జాగా: 300 మిల్లీమీటర్లు, 180 మిల్లీమీటర్లు. పెద్ద యంత్రాలే కావాలంటే హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ అనే ప్రోటోటైపింగ్ కేంద్రం ఉంది, 78 వేల చదరపు అడుగుల్లో. మద్నూర్ నుంచి రోజూ వెళ్లొచ్చే దూరం కాదు. అందుకే ఇంటి గదిలో చిన్నది. పార్సిల్ విప్పితే యంత్రం వస్తుంది, గది రాదు. అల్యూమినియం పట్టీలు, మోటార్లు, కట్టర్ అన్నీ 1862 నాటిలా బయటికే. మనిషి చేతులు తీసేసిన యంత్రానికి గోడ కట్టే పని మాత్రం కొన్నవాడి చేతుల్లోనే పెట్టారు.

మొదట భయం సంగతి తేల్చుకోవాలి. కట్టర్ విరిగి తూటాలా దూసుకొస్తుందని చాలామంది అంగుళం మందం షీట్ల గురించి ఆలోచిస్తారు. లెక్క వేస్తే అంత లేదు. 6 మిల్లీమీటర్ల కట్టర్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు మూడు మీటర్ల పైచిలుకు. మనిషి పరుగు పాటి. 24,000 చుట్లకు పెంచినా ఏడున్నర మీటర్లే. ఆ వేగంతో వచ్చే చిన్న ముక్కను ఆపడానికి 4 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటు ధారాళంగా సరిపోతుంది. కంటికి మాత్రం ఆ ముక్కే చాలు, అందుకే కిటికీ ఉండాలి. అదే 63 మిల్లీమీటర్ల కట్టర్‌ను 10,000 చుట్లు తిప్పితే అంచు గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అది వేరే లోకం, ఆ లోకానికి ఫ్యాక్టరీ గదులే కావాలి.

కిటికీకి అక్రిలిక్ కాకుండా పాలీకార్బొనేట్ ఎందుకంటే, దెబ్బ తగిలితే అక్రిలిక్ పగులుతుంది, పాలీకార్బొనేట్ వంగి తట్టుకుంటుంది. దీనికీ రోగాలున్నాయి. తేలిగ్గా గీతలు పడతాయి, అసిటోన్ తగిలితే పాడవుతుంది, బిగించి పట్టిన స్క్రూల చుట్టూ నూనె చేరితే సన్నటి పగుళ్లు వస్తాయి. వేడికి సాగే గుణమూ ఎక్కువే. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 45 అనుకోండి. 600 మిల్లీమీటర్ల షీటు ఆ తేడాకు సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని పట్టుకున్న ఇనుప చట్రం పెరిగేది 0.2 మాత్రమే. ఆ ఒక్క మిల్లీమీటరుకు దారి ఇవ్వకుండా స్క్రూలు బిగిస్తే మే నెలలో షీటు ఉబ్బుతుంది, మూలల్లో పగులుతుంది. చిల్లులు కాస్త పెద్దవిగా వేసి, రబ్బరు వాషర్ పెట్టి, వేలితో తిరిగేంత బిగువు చాలు.

మిగతా గోడలకు ఊళ్లో దొరికేవి చాలు. దుకాణాల బోర్డులకు వాడే ఏసీపీ షీటు తడికి చెడదు, కత్తితో గీసి విరిస్తే తెగుతుంది. చట్రానికి స్క్వేర్ పైపు, వెల్డింగ్ షాపులో ఒక పూట పని. తలుపు అంచుకు పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు దొరికితే అదృష్టం. అందులో అయస్కాంతం ఉంటుంది, ఇనుప చట్రానికి తనే అతుక్కుంటుంది.

తడి పని, అంటే అల్యూమినియం కోస్తూ కూలెంట్ పోసే పని చేయాలనుకుంటే అసలు పరీక్ష అతుకుల్లో ఉంటుంది. సిలికాన్ పూసి నీళ్లను ఆపుదామనుకునేవాళ్లు ఎక్కువ. నిలవదు. యంత్రం అదురుకు సిలికాన్ ఒక చోట ఊడుతుంది, కూలెంట్ ఆ ఒక్క చోటునే వెతుక్కుంటుంది. పెంకుటింటి కప్పులో పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు, పై షీటు అంచు కింది షీటుకు లోపలి వైపు దిగేలా పెడితే, కారే చుక్క తనంతట తనే లోపలికే పడుతుంది. సిలికాన్ ఆ తర్వాత రెండో కాపలా. అడుగు ఒక వైపుకు వాలుగా ఉండాలి. అడుగులో ఒక్క స్క్రూ చిల్లు కూడా ఉండకూడదు. నీళ్లు దిగే చోట ముందు జల్లెడ, లేకపోతే మొదటి గంటలోనే రజను రంధ్రాన్ని మూసేస్తుంది. పని అయ్యాక తలుపు తెరిచి ఆరనివ్వాలి. సొల్యూబుల్ ఆయిల్ కలిపిన నీరు గాలి తగలక నిలవుంటే బాక్టీరియా చేరి కుళ్లిన వాసన వేస్తుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పూర్తిగా మూసిన డబ్బా అందరూ కోరుకునేదే, కానీ ఎప్పుడూ మూసే ఉంచితే యంత్రానికి చేటు.

వేడి కూడా అంతే. కట్టర్‌ను తిప్పే స్పిండిల్, మోటార్లు కలిసి 150 వాట్లు లోపల వదిలితే, రెండున్నర చదరపు మీటర్ల గోడలున్న డబ్బాలో గాలి బయటికంటే 15 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు. బయట 42 ఉన్న రోజున లోపల 57. మోటార్లు ఓర్చుకుంటాయి, కంట్రోల్ బోర్డు, పవర్ సప్లై ఓర్చుకోవు. అవి డబ్బా బయట, వాటి సొంత పెట్టెలో ఉండాలి.

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కు. చెక్క కోస్తే లేచే సన్న ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలోనే పెట్టింది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ. దాన్ని లోపలే ఆపాలంటే వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి డబ్బాలోని గాలిని లాగాలి. లాగితే ప్రతి సందు నుంచీ బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ గాలిలో దూది నుసి. అది గైడ్ రాడ్ల మీది నూనెకు అంటుకుని, గరుకు ముద్దగా మారి, టేబుల్‌ను నడిపే లీడ్ స్క్రూ నట్‌లోకి చేరి అరిగిస్తుంది. పోనీ ఫిల్టర్ పెట్టి ఫ్యానుతో గాలిని లోపలికి తోద్దామా? నుసి రాదు, కానీ అవే సందుల నుంచి చెక్క ధూళి గదిలోకి వస్తుంది. దారి సమయంలో ఉంది. యంత్రం పని చేసేది రోజుకు ఒక గంటో రెండు గంటలో. నుసి పేరుకునేది మిగతా ఇరవై రెండు గంటల్లో. పని చేసేటప్పుడు గాలి లాగాలి, అది కూడా ఫిల్టర్ గుడ్డ కట్టిన ఒక పెద్ద రంధ్రం గుండా లోపలికి వచ్చేలా చేయాలి. గాలికి అంత తేలికైన దారి ఉంటే సందుల జోలికి పోదు. పని అయ్యాక ఆ రంధ్రానికి మూత పెట్టి, తలుపు వేసి వదిలేయాలి. తడి పని చేసిన రోజున మాత్రం ఆరాకే మూత. జాగ్రత్త ఇంకొకటి: ఇనుము కోస్తే నిప్పురవ్వలు రావచ్చు. చెక్క పొడి, దూది ఉన్న అదే సంచీలోకి వాటిని లాగకూడదు.

ఈ సందుల లెక్క చప్పుడుకూ పనికొస్తుంది. గోడ బరువు రెండింతలు చేస్తే చప్పుడు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. కానీ మొత్తం వైశాల్యంలో ఒక శాతం సందు ఉన్నా, గోడ ఎంత మందమైనా, 20 డెసిబెల్స్ మించి తగ్గదు. పక్కింటివాళ్ల మధ్యాహ్నపు నిద్ర కోసం మందపాటి ప్లైవుడ్ కొనే ముందు తలుపు రబ్బరు చూసుకోవాలి.

పని మధ్యలో తలుపు తెరిస్తే యంత్రం ఆగేలా తలుపుకు ఒక అయస్కాంతపు స్విచ్ పెట్టి బోర్డుకు కలపాలి. జీఆర్‌బీఎల్‌లో ఫీడ్ హోల్డ్ అనేది టేబుల్ నడకను ఆపుతుంది గానీ స్పిండిల్‌ను ఆపదు. సేఫ్టీ డోర్ అనేది రెండింటినీ ఆపుతుంది, దాన్నే ఎంచుకోవాలి. అత్యవసర స్విచ్ డబ్బా బయట, తలుపు ముందు నిలబడ్డవాడి చేతికి అందేచోట ఉండాలి. లోపలి దీపానికి 24 వోల్టుల డీసీ పట్టీ వాడాలి, ఇంటి కరెంటు మీద నడిచే చవక ఎల్ఈడీ బల్బు వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ బల్బు సెకనుకు వంద సార్లు మినుకుతుంది, కంటికి తెలియదు. రెండు పళ్ల కట్టర్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని పళ్లూ సెకనుకు సరిగ్గా వంద సార్లు ఒకే చోటికి వస్తాయి. రెండు లయలూ కలిశాయంటే, తిరుగుతున్న కట్టర్ ఆగిపోయినట్టే కనిపిస్తుంది.