లోబడ్డాడు, కానీ పూర్ణ హృదయంతో కాదు: అమజ్యా రాజు కథ

ఈ వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ప్రతి ఆదివారం చర్చికి వెళ్తున్నా, బైబిల్ చదువుతున్నా, చెడు అలవాట్లేమీ లేవు. అయినా దేవునికి పూర్తిగా లోబడుతున్నానో లేదో ఎలా తెలుస్తుంది?" అని.

మంచి ప్రశ్న. దీనికి జవాబు మనం పెద్దగా పట్టించుకోని ఒక రాజు జీవితంలో ఉంది. పేరు అమజ్యా. రెండవ దినవృత్తాంతములు 25వ అధ్యాయం. వీలైతే వీడియో పాజ్ చేసి ఒకసారి చదివి రండి.

అమజ్యా యూదాకి రాజయ్యేటప్పటికి వయసు 25. మనలో చాలామంది మొదటి ఉద్యోగంలో ఉండే వయసు. రెండో వచనంలోనే అతని గురించి తేల్చి చెప్పేశారు. చేసింది సరైనదే, కానీ పూర్ణ హృదయంతో చేయలేదట. నాకు మొదట అర్థం కాలేదు. పని కరెక్ట్‌గా చేశాడు కదా, ఇంకేం కావాలి?

నిజంగానే చేశాడు. తండ్రిని చంపిన వాళ్ళని శిక్షించాడు గానీ, వాళ్ళ పిల్లల జోలికి వెళ్ళలేదు. ఎందుకంటే మోషే ధర్మశాస్త్రం ఒప్పుకోదు. తర్వాత ఎదోము మీద యుద్ధానికి సిద్ధమయ్యాడు. సొంత సైన్యం 3 లక్షలు. అది చాలదనుకుని ఇశ్రాయేలు నుంచి ఇంకో లక్ష మందిని వంద తలాంతుల వెండి ఇచ్చి కుదుర్చుకున్నాడు. పాత తెలుగు బైబిల్లో ఇది మణుగుల లెక్కలో ఉంటుంది. ఇప్పటి లెక్కలో మూడు టన్నుల పైమాటే.

అప్పుడు ఒక దైవజనుడు వచ్చి, వాళ్ళని తీసుకెళ్ళొద్దు అన్నాడు. అమజ్యా వెంటనే అడిగింది ఏంటో తెలుసా? మరి ఇచ్చేసిన వెండి సంగతేంటి అని! దేవుడు అంతకంటే చాలా ఎక్కువ ఇవ్వగలడు అన్నాడు ఆ దైవజనుడు. అమజ్యా విన్నాడు, వాళ్ళని వెనక్కి పంపేశాడు, యుద్ధం గెలిచాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ వెండి తిరిగొచ్చిందని ఎక్కడా రాయలేదు. పైగా వెనక్కి పంపిన సైనికులు కోపంతో యూదా ఊళ్ళ మీద పడి 3 వేల మందిని చంపారు, దోచుకున్నారు. లోబడితే వెంటనే లాభమే అని ఎవరైనా చెప్తే, వాళ్ళకి ఈ 13వ వచనం చూపించండి.

ఇంతవరకు అమజ్యా మనకంటే నయం. అసలు కథ గెలిచాకే. ఓడించిన వాళ్ళ దేవుళ్ళ విగ్రహాలనే ఇంటికి తెచ్చుకుని మొక్కాడు. దేవుడు మళ్ళీ ఒక ప్రవక్తను పంపాడు. సొంత జనాన్నే కాపాడలేని వాటి దగ్గరికి ఎందుకెళ్ళావ్ అని ఆయన అడిగాడు. ఈసారి రాజు ఏమన్నాడు? నిన్ను నాకు సలహాదారుగా ఎవరు పెట్టారు, నోరు మూసుకో, లేదంటే దెబ్బలు తింటావ్ అన్నట్టు మాట్లాడాడు. ఆ తర్వాత అంతా పతనమే. ఇశ్రాయేలు రాజుని కవ్వించి బేత్షెమెషు దగ్గర ఓడిపోయాడు. యెరూషలేము గోడ 400 మూరల మేర కూలింది. చివరికి సొంత మనుషులే కుట్ర చేస్తే లాకీషుకి పారిపోయి అక్కడే చనిపోయాడు.

అదే మనిషి. మొదటిసారి విన్నాడు, రెండోసారి వినలేదు. తేడా ఏంటి? మొదటిసారి ఓడిపోతానన్న భయం ఉంది. రెండోసారి గెలిచేశాడు, ఇక అవసరం తీరిపోయింది.

దావీదుని చూడండి. బత్షెబ విషయంలో, ఊరియా విషయంలో చేసింది చిన్న తప్పు కాదు. కానీ నాతాను ప్రవక్త మొహం మీదే చెప్పినప్పుడు, పాపం చేశానని ఒప్పుకున్నాడు. అందుకే బైబిల్ ఊరియా సంగతి దాచకుండానే దావీదు హృదయాన్ని మిగతా రాజులకి కొలతగా పెడుతుంది. పూర్ణ హృదయం అంటే తప్పే చేయకపోవడం అనుకుంటే మనలో ఎవరికీ ఆశ లేదు. దేవుడు ఏ విషయం ఎత్తినా, ఎవరి నోటితో చెప్పించినా, వినడానికి తలుపు తీసి ఉంచడమే పూర్ణ హృదయం.

నా సంగతి చెప్తా. బీటెక్ అయ్యాక ఉద్యోగం రాక, ఒక కన్సల్టెన్సీకి 60 వేలు కట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకున్నా. ఆ డబ్బు నాన్న అప్పు చేసి ఇచ్చింది. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మనసు ఒప్పుకోలేదు. ప్రార్థనలో నేను అడిగింది కూడా అమజ్యా ప్రశ్నే: "ప్రభువా, కట్టిన డబ్బు మరి?" వదిలేశా. డబ్బు తిరిగి రాలేదు. ఎనిమిది నెలల తర్వాత ఫ్రెషర్‌గానే చేరా.

ఆ తర్వాత యూత్ మీటింగుల్లో ఈ సాక్ష్యం చాలాసార్లు చెప్పా. ఒకరోజు మీటింగ్ అయ్యాక, ఇంటర్ చదివే ఒక కుర్రాడు మెల్లగా అడిగాడు, "అన్నా, మీ తమ్ముడితో రెండేళ్ళుగా మాట్లాడట్లేదంట కదా?" నాకు ఒళ్ళు మండింది. "నాకు చెప్పేంతవాడివయ్యావా?" అనేశా. బైక్ మీద ఇంటికొస్తుంటే ఈ 25వ అధ్యాయమే గుర్తొచ్చింది. డబ్బు విషయంలో లోబడ్డా. తమ్ముడి విషయంలో మాత్రం దేవుడిని కూడా మాట్లాడనివ్వలేదు.

ఆ రాత్రే ముందు ఆ కుర్రాడికి, తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి సారీ చెప్పా. తమ్ముడు రెండు నిమిషాలే మాట్లాడాడు. ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. కానీ ఇప్పుడు ప్రతి ఆదివారం నేను చేస్తున్నా, వాడు ఎత్తుతున్నాడు.

కాబట్టి మెసేజ్ పెట్టిన తమ్ముడూ, ఎన్ని ఆజ్ఞలు పాటిస్తున్నావో లెక్కేసుకోకు. ఏ విషయం ఎత్తితే నీకు కోపమొస్తుందో, ఏ మాట వస్తే టాపిక్ మారుస్తావో చూసుకో. ఫోన్‌లో ఒక చాట్ కావచ్చు, తీర్చని అప్పు కావచ్చు, ఇంట్లో ఒక మనిషి కావచ్చు. ఈ వారం అక్కడ ఒక్క అడుగు వెయ్యి.

మన బలంతో అవుతుందని కాదు. గెత్సేమనేలో యేసయ్య తండ్రి చిత్తానికి చివరిదాకా లోబడ్డాడు, మన కోసమే. ఆయన ముందు ఒప్పుకుంటే తోసేయడు. ఆ ధైర్యంతోనే తలుపు తీద్దాం.