పీపా బీరుకు పొడవు గొట్టమెందుకు?

సోడా మూత తీయగానే బుస్సుమని పొంగడం మీరు చూసే ఉంటారు. అమెరికాలో కొందరు ఇంట్లోనే ఫ్రిజ్‌లో బీరు పీపా ఉంచి, దానికి కుళాయి బిగించుకుంటారు. వారికీ ఇదే చిక్కు. ద్రవంలో ఎంత వాయువు కరుగుతుందో పీడనమే నిర్ణయిస్తుందని 1803లో విలియం హెన్రీ చూపాడు. చల్లబరిస్తే మరింత కరుగుతుంది. అందుకే పీపాను సుమారు 3 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వాతావరణ పీడనం కంటే 0.8 బార్ దాకా ఎక్కువ పీడనంతో పంపుతారు. ఆ ఊపుతో బీరు నేరుగా బయటికి దూకిందా, పీడనం ఒక్కసారిగా పడిపోయి గ్లాసు నిండా నురగే! కనుక 5 మిల్లీమీటర్ల సన్నని గొట్టాన్ని రెండు మూడు మీటర్ల పొడవున చుట్టగా పెడతారు. గోడల రాపిడికి పీడనం దారిలోనే కొద్దికొద్దిగా తగ్గి, బీరు నిదానంగా జారుతుంది. చూపుకు బాగుంటుందని గొట్టాన్ని కత్తిరించేవారు చివరికి నురగే తాగాలి.

అసలు భయం సిలిండర్‌తోనే. అందులోని 2.3 కిలోల వాయువు కారిపోతే 1.2 ఘనపు మీటర్లవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న మూసిన గదిలో అది 4 శాతం పైమాటే. మామూలు గాలిలో ఉండేది 0.04 శాతం! ఆయాసం వస్తుంది, తల తిరుగుతుంది. దీనికి రంగు లేదు, గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. బిగింపులన్నిటికీ సబ్బునీరు పూసి, బుడగలు లేస్తున్నాయేమో చూశాకే కుళాయి తిప్పాలి.