ఆర్కే బీచ్‌లో ఇసుక ఎక్కడిది?

ఆర్కే బీచ్ చూసొచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి. సబ్‌మెరైన్ అంటారు, రోడ్డుకు అటువైపున్న విమానం అంటారు, కాళీమాత గుడి, మురీ మిక్స్చర్, అలల్లో తడిసి దిగిన ఫొటోలు అంటారు. ఇసుక సంగతి ఎవరూ ఎత్తరు. నన్నడిగితే విశాఖపట్నం బీచ్‌లో మొదట చూడవలసింది అదే. ఈ ఊళ్లో ఓడరేవుకూ సముద్రానికీ దాదాపు తొంభై ఏళ్లుగా ఇసుక దగ్గర పేచీ నడుస్తోంది. ఆ పేచీ ఏమిటో తెలిస్తే బీచ్ ఒక ఏడాది వెడల్పుగా, మరో ఏడాది ఇరుకుగా ఎందుకుంటుందో తెలుస్తుంది. ఏ చోట నీళ్లలో దిగకూడదో కూడా చాలావరకు తెలుస్తుంది.

రామకృష్ణ మిషన్ ఆశ్రమం ముందర ఉండబట్టి దీనికి రామకృష్ణా బీచ్ అని పేరు. సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు, నీళ్లలోకి చొచ్చుకొచ్చిన పెద్ద కొండ కనిపిస్తుంది. అది యారాడ కొండ. డాల్ఫిన్స్ నోస్ అనేదీ దాన్నే, దీపస్తంభం ఉన్నదీ దాని మీదే. ఆ కొండకూ ఇవతలి రాస్ హిల్‌కూ నడుమ సన్నటి నీటిదారి ఉంది. ఓడలు ఆ దారినే లోపలి హార్బర్‌కి చేరతాయి. ఇప్పుడు హార్బర్ ఉన్న చోట ఒకప్పుడు మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే చిత్తడి నేల ఉండేది. మధ్య భారతం నుంచి మాంగనీసు ఖనిజాన్ని రైల్లో తెచ్చి ఓడకెత్తడానికి ఆ చిత్తడిని తవ్వి రేవు కట్టారు. 1933లో ఆ రేవు ఓడలకు తెరుచుకుంది. ఎడమచేతి వైపు తీరం కైలాసగిరి, ఋషికొండ మీదుగా భీమిలి దాకా సాగిపోతుంది. ఈ కుడి ఎడమలు గుర్తుంచుకోండి, ఇసుక కథ అంతా వీటితోనే ఉంది.

అలలు తీరాన్ని ఎప్పుడో గాని నిటారుగా తాకవు, కాస్త ఏటవాలుగా వస్తాయి. వచ్చే అల ఇసుక రేణువును వాలుగా పైకి తోస్తుంది. తిరిగి వెళ్లే నీరు మాత్రం పల్లం చూసుకుని నేరుగా కిందికి జారుతుంది. అలా ప్రతి అలకూ రేణువు తీరం వెంబడి కొంచెం పక్కకు జరుగుతుంది. ఇలా రోజూ వేల అలలు, వేల అడుగులు. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలమంతా, అంతకు కాస్త ముందు నుంచీ కూడా, అలలు దక్షిణపు వాలున వస్తాయి. అందుచేత ఇసుక ఉత్తరంగా, అంటే మీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలులు దాన్ని కొంత వెనక్కి తెస్తాయి. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లలో. 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు లాఫాండ్, ఇక్కడివాళ్లతో కలిసి వాల్తేరు తీరంలో ఇసుక కోతపడే తీరునూ మళ్లీ చేరే తీరునూ కొలిచి రాశాడు. మన దేశంలో సముద్ర శాస్త్రం చదువుకు పునాది పడిన చోట్లలో ఈ తీరం ఒకటి.

ఇలా నడిచొచ్చే ఇసుకకు రేవు అడ్డం తగిలింది. ఓడలు వెళ్లాలంటే దారి లోతుగా ఉండాలి. ఇసుకకు లోతైన గుంత కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. రేవు కట్టిన ఇంజినీర్లకు ఈ సంగతి తెలియక కాదు. నీటిదారికి దక్షిణాన రెండు పాత ఓడలను కావాలని ముంచి, వాటినే అడ్డుకట్టగా వాడారు. ఆ చాటున పోగుపడిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరం వైపు తీరానికి పంపడం అప్పట్లోనే మొదలైంది. ఇనుప ఖనిజం మోసే పెద్ద ఓడల కోసం కట్టిన ఔటర్ హార్బర్ 1976లో వచ్చింది. సముద్రంలోకి పొడుగ్గా రాతికట్టలు లేచాయి, అడ్డు ఇంకా పెద్దదైంది. అప్పటి నుంచి నగరం బీచ్‌కి రావలసిన ఇసుకలో పెద్ద వాటా మనుషులు తోడి తెచ్చి పోస్తే వచ్చేదే. నీళ్లతో కలిపిన ఇసుకను గొట్టంలోంచి ఒడ్డుకు చిమ్ముతూ డ్రెడ్జర్ కనిపిస్తే, జరుగుతున్నది అదే. ఒక ఏడు ఆ పని ఆలస్యమైనా, చాలినంత జరగకపోయినా, నెలల్లోనే బీచ్ చిక్కిపోతుంది. ఒడ్డు కత్తితో కోసినట్టు నిలువుగా తెగుతుంది, రోడ్డు పక్క గోడ కింద రాళ్లు బయటపడతాయి.

చెన్నైతో పోల్చి చూస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. అక్కడా ఇసుక ఉత్తరానికే నడుస్తుంది, అక్కడా హార్బర్ అడ్డం తగిలింది. అయితే మెరీనా బీచ్ హార్బర్‌కు దక్షిణాన ఉంది. ఆగిపోయిన ఇసుకంతా దాని వాటాకే వచ్చి, మెరీనా అంత విశాలంగా పెరిగింది. నష్టం ఉత్తరాన ఉన్న రాయపురం వైపు పడింది. విశాఖలో నగరం బీచ్ రేవుకు ఉత్తరాన ఉంది. చెన్నైకి కలిసొచ్చిన లెక్కే మనకు ఎదురు తిరిగింది. కనుక ఆర్కే బీచ్ కోతను సముద్రుడి కోపమనో, వాతావరణ మార్పు ఒక్కటే కారణమనో చెప్పేస్తే నేనొప్పుకోను. సముద్ర మట్టం పెరగడం, తుపానులు నిజమైన కారణాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటి ఒడ్డును చిందరవందర చేసింది. కానీ ఏటేటా ఉండే కొరత రేవుతో వచ్చింది. దాన్ని పూడ్చడం కూడా రేవు నడిపే ఖర్చులో భాగమే తప్ప, ఎవరో దయతలచి చేసే పని కాదు.

ఇసుక మీద నల్లని, ముదురెరుపు చారలు కనిపిస్తాయి. పోర్టు నుంచి ఎగిరొచ్చిన బొగ్గు అనుకునేవాళ్లున్నారు. విశాఖ పాత పట్టణంలో ఇళ్ల మీద పడే దుమ్ము గురించి జనం చేసే ఫిర్యాదులో నిజముంది గాని, ఈ చారలు వేరు. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లు అరిగి వచ్చిన గార్నెట్, ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలివి. చేటలో బియ్యం చెరిగినట్టు, అలలు తేలికైన తెల్ల ఇసుకను పక్కకు తోసి బరువు రేణువులను ఒకచోట మిగుల్చుతాయి. గుప్పెడు తీసి చూడండి, మామూలు ఇసుక కన్నా బరువుగా తగులుతుంది. అయస్కాంతం పెడితే కొన్ని నల్ల రేణువులు అంటుకుంటాయి కూడా. నల్ల చారలు ఎక్కువగా తేలాయంటే ఈ మధ్య అలలు ఆ చోట తేలిక ఇసుకను కోసుకుపోయాయని అర్థం.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ తొందర పడకుండా చదవండి, ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. పోయేవాళ్లలో ఎక్కువమంది ఊరికి కొత్తవాళ్లు, కుర్రాళ్లు. పెద్ద అల వచ్చి ఈడ్చుకుపోయిందని చెబుతుంటారు. చాలాసార్లు ఈడ్చేది అల కాదు, రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా మళ్లీ వెనక్కి పోవాలి. ఒడ్డుకు కాస్త దూరాన నీటి కింద ఇసుకమేట ఉంటుంది. ఆ మేటలో ఎక్కడ తెగు ఉంటే అక్కడికి నీరంతా చేరి, సన్నని పాయలా లోపలికి ఉరుకుతుంది. బలమైన రిప్ సెకనుకు రెండు మీటర్ల దాకా వేగం అందుకుంటుంది. పేరు మోసిన ఈతగాళ్లు పోటీల్లో ఈదే వేగం కూడా ఇంచుమించు అంతే. దానికి ఎదురీది ఒడ్డుకు రావాలనుకోవడం ఎంతటివాడికైనా కుదిరే పని కాదు.

మోసం ఎక్కడుందంటే, రిప్ ఉన్న చోట అల విరగదు. అటూ ఇటూ తెల్లని నురగ పరుచుకుని ఉంటే, నడుమ ఒక పట్టీలో నీరు ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు, పిల్లలతో వచ్చినవాళ్లు భద్రమనుకుని అక్కడే దిగుతారు. దిగే ముందు మెట్ల మీదో గట్టు మీదో పది నిమిషాలు నిలబడి నీళ్లను చూడండి. నురగ వరుస తెగిన చోటుకు దూరంగా ఉండండి. రాళ్ల పక్కన, కట్టల పక్కన అసలే వద్దు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకండి. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తండి, ఈత వస్తే తీరానికి సమాంతరంగా పక్కకు ఈది పాయలోంచి బయటపడండి. పాయ సన్నదే, అది నీటి కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. భయంతో కాళ్లూ చేతులూ కొట్టుకుని అలిసిపోవడమే ప్రాణం తీస్తుంది. పక్కవాడు కొట్టుకుపోతుంటే వెంటనే దూకేయకుండా గజ ఈతగాళ్లను కేకేయండి. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. తాగి దిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. వేళలు ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకు, పున్నమికి నీరు బాగా పైకి వస్తుంది, అంతే కిందికి దిగుతుంది. తెల్లవారుజామున ఆటు పడే రోజు చూసుకుని వెళితే నడవడానికి తడి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది, నీటిలోంచి తేలిన రాళ్లూ కనిపిస్తాయి. ఇది తూర్పు తీరం కాబట్టి పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. సాయంత్రం జనం, బజ్జీల పొగ, మొక్కజొన్న పొత్తులు బాగానే ఉంటాయి గాని, తీరం చూడాలనుకునేవాళ్లకు పొద్దుటిపూటే నయం. నెలల్లో అయితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. జనవరి దాటితే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి విశాఖ తీరానికి వస్తాయి. రాత్రిపూట కనబడితే టార్చి వేయకండి, ఫ్లాష్ కొట్టకండి, అటవీ శాఖవాళ్లకు చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, మర పడవలన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి.

దూరాన వరుసగా నిలబడ్డ ఓడలు బెర్తు ఖాళీ కోసమో, పైలట్ కోసమో లంగరు వేసినవి. పోర్టు పైలట్ పడవ మీద వెళ్లి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కి, ఆ సన్నటి దారిలోంచి లోపలికి నడిపిస్తాడు. అన్ని ఓడలూ ఒకే దిక్కుకు ముక్కు పెట్టి ఉన్నాయంటే గాలీ ప్రవాహమూ అటు నుంచి వస్తున్నాయి. అడుగున వేసిన ఎర్ర రంగు బాగా పైకి తేలితే ఓడ ఖాళీ, రంగు కనపడకపోతే నిండు సరుకు. లంగరు ఆగకపోతే ఏమవుతుందో 2020 అక్టోబరులో ఊరంతా చూసింది. వాయుగుండం వేళ బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లకు తగులుకుంది.

టీవీలో చెప్పే నంబర్ల హెచ్చరికలు కూడా ఓడల కోసం పుట్టినవే. ఒకటో నంబరు అంటే దూరాన వాయుగుండం ఉంది, రెండో నంబరు అంటే అది తుపాను అయింది. మూడు, నాలుగు వస్తే ఆ రేవుకే చెడ్డ వాతావరణం తగలవచ్చు. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాద సూచికలు, తుపాను రేవుకు ఏ పక్కనుంచి పోతుందో, లేక రేవు మీదుగానే పోతుందో వాటిని బట్టి తెలుస్తుంది. ఎనిమిది, తొమ్మిది, పది తీవ్ర తుపానుకు అవే సంకేతాలు. పదకొండు ఎగిరిందంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయన్నమాట. బీచ్‌కి వెళ్లేవాళ్లకు ఒకటో నంబరే చాలు, ఆ రోజు నీళ్లలో దిగొద్దు. తుపాను వందల కిలోమీటర్ల అవతల ఉన్నా అలలు ముందే వచ్చేస్తాయి.

సబ్‌మెరైన్ చూడొద్దని నేననను. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కుర్సురా 2001లో విరమించి, 2002 నుంచి ఇక్కడ మ్యూజియంగా ఉంది. తొంభై మీటర్లకు పైగా పొడవున్న ఆ గొట్టంలో మనుషులు ఎంత ఇరుకున బతికారో చూసి తీరాలి. 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు ముఖద్వారానికి కొద్ది దూరంలోనే సముద్రం అడుగున ఉంది.

నగరపాలక సంస్థకు, పోర్టుకు ఒక విన్నపం. ఊరి మురుగు, వాన కాలువలు బీచ్‌లోకి వచ్చి పడే చోట్లను ముందు మూయండి. రిప్ ఉన్న చోట్ల ఆ రోజుకారోజు ఎర్రజెండా పాతించండి. ఈ ఏడు ఎన్ని ఘనపు మీటర్ల ఇసుక పోశారో, ఎప్పుడు పోశారో తెలుగులో బోర్డు రాసి బీచ్ రోడ్డు మీద పెట్టండి.