తామర కాని తామర

మైపాడు దగ్గర మా చిన్నాయనకి రొయ్యల గుంటలున్నాయి. నడుము కింద ఎర్రటి మచ్చలొస్తే, "ఉప్పునీళ్లలో దిగేవాడికి తామర రాక ఏమొస్తాదిరా?" అంటూ మెడికల్ షాపు ఆయింట్‌మెంట్ రెండేళ్లు పూశాడు. తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరికి చర్మ డాక్టరు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే అసలు పేరు తేలింది: మైకోసిస్ ఫంగాయిడిస్.

పేరులో ఫంగస్ ఉన్నా ఇది ఫంగస్ కాదు. ఫ్రెంచి వైద్యుడు అలిబెర్ 1806లో దీన్ని వర్ణించాడు. ముదిరిన గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించడంతో ఆ పేరొచ్చింది. నిజానికి ఇదొక లింఫోమా. రోగాలతో పోరాడాల్సిన టీ-కణాలనే తెల్లరక్తకణాలు అదుపు తప్పి చర్మంలో చేరతాయి. నడుము, పిరుదులు లాంటి ఎండ తగలని చోట్ల ఎక్కువగా మొదలవుతుంది. స్టిరాయిడ్ క్రీము మచ్చని కొన్నాళ్లు అణచి అసలు రోగాన్ని దాచేస్తుంది.

ఇది చాలా అరుదు. మన దురదల్లో దాదాపు అన్నీ మామూలువే. తొలిదశలో పట్టుకుంటే అతినీలలోహిత కాంతి చికిత్సతోనే చాలామందికి మచ్చలు పోతాయి. ముదిరితే వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి నుంచి వచ్చిందే.

చిన్నాయన ఇప్పుడు వారానికి మూడుసార్లు నెల్లూరు వెళ్లి కాంతి చికిత్స తీసుకుంటున్నాడు. మీ ఇంట్లోనూ నెలల తరబడి మానని మచ్చ ఎవరికైనా ఉంటే ఇంకో ట్యూబు కొనకండి, చర్మ డాక్టరుకి చూపించండి.