బంగారం ఆఖరున ఎక్కుతుంది

జపాను వాళ్లు బియ్యం పులియబెట్టి సాకే అనే మద్యం చేస్తారు. అది తాగే పింగాణీ కప్పులు పిల్లల బొమ్మల్లా బుల్లివి, రెండు గుక్కలకే ఖాళీ. అంత చిన్న కప్పుకి లోపలా బయటా బంగారు తీగలు, పువ్వులు, పక్షులు గీస్తారు. ఈ పనికి పెట్టింది పేరు ఇషికావా ప్రాంతపు కుతాని పింగాణీ. ఎర్ర రంగు మీద బంగారం దిద్దడంలో 19వ శతాబ్దంలోనే వాళ్లు ఆరితేరారు.

మరి బంగారాన్ని మొదటే పూసి కాల్చేస్తే సరిపోదా? పోదర్రా. పింగాణీ గట్టిపడాలంటే సుమారు 1300 డిగ్రీల వేడి కావాలి. బంగారం 1064 డిగ్రీలకే కరిగిపోతుంది. గీసిన పువ్వు కాస్తా చుక్కలై ముడుచుకుపోతుంది. అందుకే మట్టినీ గాజుపూతనీ ముందు పెద్ద మంటలో కాల్చేస్తారు. తర్వాత రంగులు వేసి, ఇంకా తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. ఎరుపు ఇనుము నుంచి, ఆకుపచ్చ రాగి నుంచి వస్తాయి. అన్నీ అయ్యాకే బంగారం వంతు. మెత్తటి పొడిని కుంచెతో దిద్ది, అంతకన్నా తక్కువ వేడి పెడతారు. ఆ పొడిలో కాస్త తేలిగ్గా కరిగే గాజు కలుపుతారు. పల్లీ చిక్కీలో బెల్లం పల్లీలను పట్టుకున్నట్టు అది బంగారాన్ని కప్పుకి పట్టి ఉంచుతుంది. బట్టీలోంచి బయటికి వచ్చినప్పుడు బంగారం మసకగా ఉంటుంది. అగేటు రాయితో ఓపిగ్గా రుద్దితేనే తళతళలాడుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇంకో పద్ధతి. జపాను బంగారు రేకుల్లో దాదాపు అన్నీ ఇషికావాలోని కనజావా నగరంలోనే తయారవుతాయి. ఒక్కో రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు! ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. దాన్ని ఆకులుగా, రేకలుగా కత్తిరించి అతికించి, పైన పారదర్శకమైన గాజుపూత వేసి మళ్లీ కాలుస్తారు. బంగారం గాజు కింద ఉండిపోతుంది కనుక చేతి రాపిడికి అరగదు. కొమత్సు ఊరి పింగాణీ కళాకారుడు యోషితా మినోరి పలచని రేకునీ మందపు రేకునీ కలిపి పూరేకలకు వెలుగునీడలు తెచ్చాడు. 2001లో జపాను ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. ఆ గౌరవం ఆయనకు తగినదే.

బంగారం గాలికి తుప్పు పట్టదు, నల్లబడదు. కానీ పైపూతగా వేసిన బంగారం రాపిడికి పోతుంది. కనుక అలాంటి కప్పు ఇంట్లో ఉంటే పీచుతో తోమకండి, మైక్రోవేవ్‌లో అస్సలు పెట్టకండి. ఆ పలచని లోహపు గీత నిప్పురవ్వలు చిమ్ముతుంది.